తెరచాపకు వేసిన అతుకు

నగరిలో ఉన్న మా పాత ఇంట్లో మగ్గం గుంతను పూడ్పించి టైల్స్ వేయిస్తున్నానని, అటక మీద నా రేకుపెట్టె ఒకటి ఉంది వచ్చి తీసుకుపొమ్మని మా చెల్లెలు కస్తూరి ఫోన్ చేసింది. నేను అలిపిరికి దగ్గర్లో అద్దెకుంటాను. తిరుపతిలో ఇది నాకు తొమ్మిదో ఇల్లు. ఇల్లు మారకపోతే నాకు అన్నం అరగదని నా భార్య అంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. ఎన్నో ఏళ్ళుగా ఒక చోట కుదురుగా కూర్చుని ఒక పూట గడిపిన జ్ఞాపకం నాకు లేదు. కాలుకాలిన పిల్లి కూడా ఎప్పుడో ఒకప్పుడు పడుకుంటుంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, పుత్తూరు దాటి, నగరిలో దిగి ఇంటికి వెళ్ళేసరికి మేస్త్రీ గుంతలో రాళ్ళూ మట్టీ పోసి దిమ్మిస కొడుతున్నాడు. మా నాయన నలభై ఏళ్ళకు పైగా కాళ్ళు దించుకుని కూర్చున్న గుంత అది. చూడబుద్ధి కాక నా పెట్టె ఎక్కడని అడిగాను.

పెట్టెలో రెండు పాత చొక్కాలు, ఓడ ఉద్యోగం నాటి కాగితాలు, వాటి అడుగున ఒక తోలుపట్టీ. అరచేతికి తొడుక్కునేది. బొటనవేలు దూరడానికి ఒక కంత, అరచేతి మధ్యన గుంటలు పడిన ఇనుప బిళ్ళ. కస్తూరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేందిన్నా, ఎద్దు మెడకి కట్టేదాని మాదిరి ఉండాది?"

"తెరచాపలు కుట్టేటప్పుడు సూదిని అరసేత్తో నెట్టేదానికమ్మా. గ్రీసులో ఒకాయన ఇచ్చినాడు."

"ఇన్నేండ్లూ ఎవురికీ సూపియ్యలేదే?"

"సూపియ్యలా" అన్నాను. ఆమె మేస్త్రీకి టీ ఇవ్వడానికి వెళ్ళిపోయింది. పట్టీని జేబులో వేసుకుని తిరుగు బస్సెక్కాను. తిరుపతి వచ్చేదాకా రెండు సీట్లు మారాను. ఆ పట్టీ ఇచ్చిన మనిషి గురించి రాయాలని ఎన్నిసార్లు మొదలుపెట్టి ఎన్నిసార్లు లేచిపోయానో లెక్కలేదు. ఈసారి లేవకుండా రాస్తాను.

మా వీధికి గంజి వాసనతోనే తెల్లవారేది. ఎండ ముదరకముందే వీధి పొడుగునా పడుగు సాచి కట్టి, అన్నపు గంజి పట్టించి, పెద్ద కుంచెలతో ఇద్దరిద్దరు దువ్వుకుంటూ పోయేవాళ్ళు. ఆ పుల్లటి వాసన చొక్కాల్లో, తలదిండ్లలో, చివరికి సంగటి ముద్దలో కూడా ఉండేది. అమ్మ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతూనే పొయ్యి మీది సంగటి మీద ఒక కన్ను వేసి ఉంచేది. రోట్లో ఊరిబిండి నూరుతుంటే పచ్చిమిరపకాయ ఘాటుకు నాయన మగ్గం మీదే రెండు తుమ్ములు తుమ్మేవాడు. ఆ తుమ్ములు తప్ప పగలంతా ఆయన నోట్లోంచి ఇంకే శబ్దమూ వచ్చేది కాదు. మగ్గం మాట్లాడుతున్నప్పుడు మనిషి మాట్లాడితే గుడ్డ చెడుతుందని ఆయన నమ్మకం. మాకు పని ఇచ్చే సావుకారు వచ్చి, నేసిన తానును వాకిట్లో వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూసేవాడు. ముడి కనిపించినా, కుట్టు కనిపించినా తాను వెనక్కి వచ్చేది. అందుకని మా వీధిలో అందరికీ వచ్చిన విద్య ఒకటుంది. ఎలుక కొరికినా, చిల్లు పడినా అదే పడుగులోంచి పోగులు లాగి, సూదికెక్కించి, ఒక పోగు కిందుగా ఒక పోగు మీదుగా నేసినట్టే నేసి, నీళ్ళు చిలకరించి, ఇత్తడి చెంబు అడుగుతో రుద్దేవాళ్ళు. ఎండలో ఆరితే ఎక్కడ చినిగిందో చింపినవాడికి కూడా తెలియదు.

ఆ పనిలో నాయనను మించినవాడు లేడు. "అతుకు కంటికి ఆనిందంటే నీ సెయ్యి సెయ్యే కాదురా" అనేవాడు. పన్నెండేళ్ళ వయసులో నేను కూడా అతకడం మొదలుపెట్టాను. అతికిన గుడ్డ తీసుకెళ్ళి ఇస్తే ఆయన కళ్ళు మూసుకుని బొటనవేలితో ఒక్కసారి తడిమేవాడు. "ఈడ" అనేవాడు. అంతే, గుడ్డ నా ఒళ్ళో పడేది. ఎన్నేళ్ళు పోయినా అదే మాట. బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. పరీక్షలో ఫస్టు రావాలనో, పట్నంలో పెద్ద ఉద్యోగం రావాలనో పిల్లలు కోరుకుంటారు. నాయన బొటనవేలికి దొరక్కుండా ఒక అతుకు వేయాలని నేను కోరుకున్నాను. ఇరవై ఏళ్ళు వచ్చినా ఆ కోరిక తీరలేదు. ఒకరోజు "ఈడ" అని ఆయన అన్నాక, గుడ్డ అక్కడే పారేసి మద్రాసు రైలెక్కాను.

మద్రాసు హార్బరు పక్కన ఓడల టార్పాలిన్లు కుట్టే ఒక షెడ్డులో కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడి పరిచయంతో సరుకు ఓడ మీద కూలీగా చేరాను. ఆ ఓడ గ్రీసు రేవులో ఆగి మళ్ళీ కదల్లేదు. యజమాని చేతులెత్తేశాడు. మిగతావాళ్ళు ఇళ్ళకు పోవడానికి దారి వెతుక్కుంటే నేను ఎవరో చెప్పిన మాట పట్టుకుని పారోస్ అనే దీవికి వెళ్ళే పడవ ఎక్కాను. ఇంటికి పోయి మళ్ళీ ఆ బొటనవేలి కింద గుడ్డ పెట్టే ధైర్యం నాకు లేదు.

ఆ దీవిలో ఒక కెప్టెన్‌కు రెండు తెరచాప స్తంభాలున్న పాత చెక్క పడవ ఉండేది. వేసవి నాలుగు నెలలూ దాన్ని పనివాళ్ళతో సహా వారానికింతని అద్దెకిచ్చేవాడు. శనివారం ఒక గుంపు దిగుతుంది. మధ్యాహ్నానికల్లా పక్కగుడ్డలు మార్చి, నీళ్ళ తొట్టి నింపి, ఐసూ పుచ్చకాయలూ ఎక్కిస్తే సాయంత్రానికి ఇంకో గుంపు ఎక్కుతుంది. తిరుమలలో ఒకరు గది ఖాళీ చేసిన గంటకే ఇంకొకరు దిగినట్టు. వాళ్ళను ఎక్కించుకుని దీవి చుట్టూ తిప్పేవాళ్ళం. కొండ అంచుల కింద నీళ్ళు తేటగా ఉన్నచోట లంగరు వేస్తే వాళ్ళు ఈదేవాళ్ళు, తినేవాళ్ళు, పడుకునేవాళ్ళు. ప్రతి మూలమలుపులో కొండ మీద సున్నం కొట్టిన చిన్న గుడి ఒకటి కనిపించేది. అది కనిపించగానే పడవలో పనివాళ్ళ మీద పెద్ద సరంగైన మానోలిస్ పని ఆపి ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకునేవాడు. బస్సులోంచి కొండ కనిపించగానే మనవాళ్ళు గోవిందా అని దండం పెట్టుకోవడం నాకు గుర్తొచ్చేది.

చూడముచ్చటగా ఉంటుందని ఆ కెప్టెన్ నూలు తెరచాపలే వాడేవాడు. అందుకే నన్ను పనిలో పెట్టుకున్నాడు. నేతవాడి కొడుకునని చెబితే పక్కనున్న గోనెగుడ్డ ముక్క నా చేతికిచ్చి కుట్టమన్నాడు, కుట్టాను. తెరచాపల బాధ్యత మానోలిస్‌ది. ఏభై దాటిన మనిషి, పొట్టిగా గుండ్రంగా ఉండేవాడు. ఆయనకు ఇంగ్లీషు ముప్పై మాటలు వచ్చు, నాకు యాభై. నా పేరు నోరు తిరగక "ఇండియా" అనే పిలిచేవాడు. తడిసిన తెరచాపను ఎండలో పరిస్తే అచ్చం మా వీధి వాసన వచ్చేది. నేను దాన్ని పీలుస్తుంటే ఆయన కారుతున్న నీటిచుక్కలు చూపించి "దీని ఏడుపు అయిపోయాక మడత పెడదాం" అని నవ్వేవాడు.

ఆయన వేసే అతుకులు చూస్తే నాకు ఒళ్ళు మండేది. చిల్లు బెత్తెడైతే అతుకు మూరెడు. రెండు వైపులా గుడ్డ వేసి, మైనం పట్టించిన లావుపాటి దారంతో పెద్ద పెద్ద కుట్లు వేసేవాడు. మైలు దూరం నుంచి కూడా కనిపించేవి. నాయన చూస్తే ఆ పూట అన్నం ముట్టడు. మానోలిస్‌కు మాత్రం ఒక్కో అతుకూ ఒక్కో చుట్టం. ఇది కూతురు పుట్టిన ఏడు, ఇది అన్న పోయిన ఏడు అని చూపించేవాడు. "గాలి పెరిగినప్పుడు నేను ఆకాశం చూడను, ఇండియా. వీటిని చూస్తాను. కుట్లు నోరు తెరవడం మొదలుపెడితే తెర దించి సగానికి కట్టేయాలి. అవి చెబుతాయి" అని సగం మాటలతో సగం సైగలతో చెప్పాడొకసారి. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

ఒక శనివారం ముందు రోజు, ఆ వారం గుంపు లేక పడవ రేవులోనే ఉండగా, తెరచాపలు దాచే షెడ్డులోంచి పెద్ద తెరచాపను నేనొక్కణ్ణే ఈడ్చుకొస్తుంటే గోడకున్న ఇనుప కొక్కేనికి తగులుకుని చినిగింది. జానెడున్నర చినుగు. ఇద్దరు కలిసి మోయాల్సిన దాన్ని ఒక్కడివే ఎందుకు లాగావని కెప్టెన్ అడుగుతాడు, పని పోతుంది. నాకు ఆ భయం ఉండింది. కాని ఇన్నేళ్ళ తరువాత అబద్ధం ఎందుకు, భయం కంటే ముందు నాకు కలిగింది ఉత్సాహం. నూలు గుడ్డ, నా చేతిలో సూది, చూసేవాళ్ళు లేరు. ఆ ఊళ్ళో మధ్యాహ్నం అన్నం తిన్నాక అందరూ తలుపులేసుకుని పడుకుంటారు. ఆ రోజు మధ్యాహ్నం, మర్నాడు కొత్త గుంపు ఎక్కే దాకా ఇంకో మధ్యాహ్నం, షెడ్డులో కూర్చుని తెర అంచు మడతలోంచి పోగులు లాగి, ఒకటి కిందుగా ఒకటి మీదుగా నేశాను. చెంబు లేదు, గాజు సీసా అడుగుతో రుద్దాను. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. కళ్ళు మూసుకుని నా బొటనవేలితో నేనే వెతికాను, దొరకలేదు. సాయంత్రం తెర ఎత్తినప్పుడు కెప్టెన్ పైకి చూశాడు, మానోలిస్ చూశాడు. ఇద్దరికీ ఏమీ కనపడలేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

నాలుగో రోజు గాలి లేచింది. ఆ సముద్రంలో వేసవిలో ఒక ఉత్తరపు గాలి వీస్తుంది. మబ్బుండదు, వాన ఉండదు, ఆకాశం నీలంగా నవ్వుతూ ఉంటుంది, గాలి మాత్రం పళ్ళు బిగించి తోస్తుంది. పడవలో ఒక కుటుంబం ఉంది. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు కూతుళ్ళు, గడ్డిటోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ. కెప్టెన్ చుక్కాని దగ్గర, మానోలిస్ స్తంభం మొదట్లో. "దించాలా?" అని కెప్టెన్ అరిచాడు. మానోలిస్ తల వెనక్కి వాల్చి తన అతుకుల్ని ఒక్కొక్కటే చూశాడు. అన్నీ నోరు మూసుకుని ఉన్నాయి. "ఇంకా పట్టుకుంటుంది" అని అరిచాడు. ఆయనకు రెండు అడుగుల దూరంలో నేనున్నాను. అక్కడ ఇంకొకటి ఉంది, దాన్ని చూడు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు. పని పోతుందనే కాదు. నా అతుకు నిలుస్తుందా లేదా చూడాలని కూడా ఉండింది.

తిరునాళ్ళలో ఔటు పేలినట్టు శబ్దం వచ్చింది. నా అతుకు దగ్గర మొదలై తెర పైనుంచి కిందికి రెండుగా చీలింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. ముసలావిడ టోపీ సముద్రంలోకి పోయింది, పిల్లలు కేకలు. కొట్టుకుంటున్న తెరను ఆపడానికి మానోలిస్ మోకు పట్టుకున్నాడు. మోకు ఆయన కుడిచేతిని లాక్కెళ్ళి కప్పీలో పెట్టింది. ఇంజను వేసుకుని ఒడ్డు చేరేసరికి ఆ చేతికి చుట్టిన తువ్వాలు ఎర్రగా తడిసిపోయింది. రెండు వేళ్ళు నలిగిపోయాయి. అద్దెకు వచ్చినవాళ్ళు మధ్యలోనే దిగి వెళ్ళిపోయారు.

రేవులో పదిమంది చూస్తుండగా కెప్టెన్ మానోలిస్‌ను తిట్టాడు. ముప్పై ఏళ్ళు సముద్రం మీద ఉండి తెర ఎప్పుడు దించాలో తెలియదా, కళ్ళు పోయాయా, ముసలివాడివైపోయావు అన్నాడు. భాష రాకపోయినా ఆ మాటలు నాకు అర్థమయ్యాయి. మానోలిస్ కట్టు కట్టిన చేత్తో తెర వైపు చూపించి, ఏదో అర్థం కానివాడిలా ఒకే మాట రెండుసార్లు అన్నాడు. తరువాత నాతో ఇంగ్లీషులో అన్నాడు. "అతుకులన్నీ బాగున్నాయి, ఇండియా. బాగున్నచోట చినిగింది." చినిగిన అంచులు గాలికి కొట్టుకుని పీలికలైపోయాయి కాబట్టి నా పోగులు ఎవరికీ దొరకలేదు. నేను తేలు కుట్టిన దొంగలా తాళ్ళు చుట్టుకుంటూ నిలబడ్డాను.

వారం తిరక్కుండా ఆయన పని మానేశాడు, కాదు, మాన్పించారు. వెళ్ళేరోజు నేనుండే గదికి వచ్చి ఆ తోలుపట్టీ నా చేతిలో పెట్టాడు. "ఈ వేళ్ళతో ఇక కుట్టలేను. నీ చెయ్యి మంచిది" అన్నాడు. నా చెయ్యి మంచిదని ఒక మనిషి నోట వినడానికి నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో! వినకూడని మనిషి నోట విన్నాను. చెప్పడానికి నోరు తెరిచాను, "థాంక్యూ" అన్నాను. మర్నాటి నుంచి తెరచాపల బాధ్యత కెప్టెన్ నాకే ఇచ్చాడు. రొట్టె విరిగి నేతిలో పడిందన్నారు తోటివాళ్ళు. ఇంకో రెండు వేసవులు అక్కడే ఉన్నాను. మానోలిస్ ఇల్లు రేవు నుంచి పావుగంట నడక. ఆ సందు మొదటి దాకా ఎన్నోసార్లు వెళ్ళాను. నిమ్మచెట్టు, దాని కింద ఆయన కుర్చీ కనిపించేవి. వెనక్కి తిరిగేవాణ్ణి. నా కాళ్ళకు ఈ తిరుగుడు అక్కడే పట్టుకుంది.

చివరికి నగరికి వచ్చేశాను. వచ్చిన మూడో రోజు పొద్దున నాయన మగ్గం దిగి సంగటికి కూర్చుంటే, తిట్టించుకుందామనే ఆ సంగతి ఎత్తాను. తెరచాప చింపాను నాయనా, ఎవరికీ చెప్పకుండా మన మాదిరి అతికాను అన్నాను. ఆయన ముద్ద పట్టుకున్న చెయ్యి ఆపాడు.

"ఎంత చినుగు?"

"జానెడున్నర."

"కెప్టెన్ సూసినాడా?"

"సూసినాడు. కనపళ్ళేదు. పెద్ద సరంగు కూడా సూసినాడు. ఆయనకీ కనపళ్ళేదు."

"కెప్టెన్‌కే కనపళ్ళేదా!" నాయన ముఖం వెలిగిపోయింది. ఆయన ముఖం అట్లా వెలగడం నేనెన్నడూ చూడలేదు. "యేమే, యింటివా? సముద్రం మింద తెరకి యీడు అతుకేస్తే కెప్టెన్ కంటికే ఆనలేదంట!" అని అమ్మను కేకేశాడు. సంగటి సగంలో వదిలి చెయ్యి కడుక్కుని వీధిలోకి వెళ్ళాడు. పక్కింటాయనకు చెప్పాడు, ఎదురింటాయనకు చెప్పాడు. "నాయనా, ఇంకా ఉండాది, యిను" అన్నాను. "ఉండనీలేరా, అబ్బా!" అని నా భుజం తట్టాడు. ఇంకేం చెప్పను! ఆ తట్టు కోసమే కదా పన్నెండేళ్ళప్పటి నుంచి నేను కళ్ళు పోగొట్టుకున్నది. నోరు మూసుకుని కూర్చున్నాను. సావుకారు వచ్చినప్పుడల్లా, పెళ్ళిళ్ళలో, కార్వేటినగరం నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా నాయన ఆ కథ చెప్పేవాడు. ఎవరైనా అది మొదలుపెడితే నేను ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి నడిచేవాణ్ణి. అణకువ గలవాడన్నారు జనం.

ఇప్పుడు మా వీధిలో అతికేవాళ్ళు లేరు. మరమగ్గాల మోతలో పోగు తెగినా ఎవరికీ వినపడదు, చినిగిన గుడ్డను ఎవరూ రెండోసారి చూడరు. ఆ దీవి పడవలన్నీ ఫోనులోనే కనిపిస్తున్నాయి. ఏ వారం ఖాళీ, ఎంతమంది పడతారు, తెరచాప వయసెంత అన్నీ రాసి ఉంటాయి. తెరచాపలు ఇప్పుడు నూలువి కావు, నున్నగా తెల్లగా అతుకు లేకుండా ఉన్నాయి. మా కాలంలో మనుషులు నిజాయితీపరులని నాతోటివాళ్ళు అంటుంటే నాకు నవ్వొస్తుంది. మా కాలంలో దాచడానికి ఓపిక ఎక్కువుండేది, అంతే. ఒక్క తప్పు కోసం రెండు మధ్యాహ్నాలు వంగి కూర్చునేవాళ్ళం. ఆ ఓపికలో పదోవంతు పావుగంట నడిచి ఒక నిమ్మచెట్టు దాకా పోవడానికి లేకపోయింది.

నాయనకు చివరి ఏళ్ళలో కళ్ళు మసకబారి మగ్గం మానేశాడు. ఒక మధ్యాహ్నం తిన్నె మీద ఇద్దరమే ఉన్నాం. "ఆ పడవ కత సెప్పరా, యినబుద్ధవతా ఉండాది" అన్నాడు. చెప్పాను. ఆయన ఎప్పుడూ ఆపే చోట ఆగలేదు. గాలి లేచింది, నాకు తెలిసీ చెప్పలేదు, తెర చినిగింది, మానోలిస్ చేతివేళ్ళు రెండు నలిగిపోయాయి, తిట్లు ఆయన తిన్నాడు, పని నాకు వచ్చింది. అంతా చెప్పాను.  

"ఏ యేళ్ళు?" అన్నాడు నాయన.

ఆయన కుడిచెయ్యి తీసుకుని చూపుడువేలు, మధ్యవేలు తాకి చూపించాను. పోగు అతికే వేళ్ళు అవే. నాయన చెయ్యి వెనక్కి లాక్కుని, ఆ రెండు వేళ్ళనూ ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. "పెద్దాయన" అన్నాడు. "పెద్దాయన్ని నలుగుర్లో నిలబెట్టి తిట్టిచ్చినావు గదరా." తరువాత, మానోలిస్ పుత్తూరులో ఉన్నట్టూ, నేను సాయంత్రం బస్సుకు పోయి రాత్రి అన్నానికి తిరిగి రావచ్చన్నట్టూ, "లెయ్. పొయ్యి ఆయప్పకి సెప్పి రా పో" అన్నాడు.

"పోతాలే నాయనా" అన్నాను.

ఆ కథ ఆయన మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా గుర్తుచేసి అడిగితే, "ఇంగా అయిపోలేదప్పా అది" అనేవాడు. నన్ను చూసినప్పుడల్లా "పొయినావా?" అని మాత్రం అడిగేవాడు. నాయన పోయి పదకొండేళ్ళయింది. మానోలిస్ ఉంటే తొంభై దాటి ఉంటాడు. ఈ పదకొండేళ్ళలో నాలుగిళ్ళు మారాను, పాస్‌పోర్టు రెండుసార్లు తీయించుకున్నాను. ఇంకా పోలేదు.